ఆడచేపకో చాటు

"మగది ఆడదాన్ని బతకనియ్యట్లేదన్నయ్యా. ఏటి సెయ్యాలి?"

నానాజీ తలెత్తాడు. అనకాపల్లిలో అతని అక్వేరియం షాపు ముందే అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సు ఆగుతుంది. అడిగినావిడ మెడలోని కార్డు మీద శాంతికుమారి అని ఉంది. వారం రోజులుగా బస్సు వచ్చేదాకా అద్దం దగ్గర నిలబడి, అతను కొత్తగా సర్దుతున్న తొట్టినే చూస్తోంది. అందులో ఉన్నవి బొటనవేలంత డ్వార్ఫ్ సిక్లిడ్ చేపలు.

"మీ ఇంట్లోనూ ఇవే ఉన్నాయా అమ్మా?"

ఆమె తొట్టిలోకే చూస్తూ తలూపింది. "ఒక జత."

"తొట్టి ఎంతుంటాది?"

"ఇరుకన్నయ్యా."

"అదే మరి! వీటికి మేత ఎంత ముఖ్యమో చాటూ అంతే ముఖ్యం. అడుగున మెత్తటి ఇసక పొయ్యండి. ఎండు బాదమాకులు వెయ్యండి. మొక్కలు, కర్రముక్కలు అడ్డం పెట్టండి. ఆడది కంటికి కనపడకపోతే మగది తరమదు."

చేపల గురించి అడిగేవాళ్లు దొరికితే నానాజీకి పండగే. కొబ్బరిచిప్పకు కన్నం చేసి ఆమె ముందు పెట్టాడు.

"దీన్ని బోర్లించండి. ఈ కన్నంలోంచి ఆడదే దూరగలదు."

"మగది తోసుకుని రాదు కదా?"

"రాలేదమ్మా."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్న ప్రాణి కోసం ఇంత బాధపడే మనిషి ఉందా అని నానాజీ ముచ్చటపడ్డాడు. ఇంతలో బస్సు హారన్ కొట్టింది. ఆమె పరుగెత్తింది. చిప్ప బల్ల మీదే ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఎండ మండిపోతున్నా చున్నీ చెంపల మీదుగా కప్పుకుంది.

"దాక్కున్నా ఎతికి మరీ పొడుత్తంది అన్నయ్యా."

"అయితే వేరు చేసెయ్యండి. ఇంక దారి లేదు."

"వేరు సేసి ఎక్కడెట్టను? ఉన్నది ఒకటే తొట్టి."

"నాకిచ్చెయ్యండి. ఆదివారం షాపు కట్టేసి నేనే వచ్చి పట్టుకెళ్తాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఆదివారం దాకా ఉంటాదా?" అంది. గవరపాలెంలో ఇల్లెక్కడో చెప్పి బస్సెక్కేసింది.

ఆదివారం నానాజీ చిన్న వల, నీళ్లు నింపిన కవరు పట్టుకుని వెళ్లాడు. తలుపుకు తాళం ఉంది. పక్కింటి నూకరత్నం బయటికొచ్చింది.

"శాంతికుమారిగారు లేరా?"

"ఆసుపత్రిలో ఉంది బాబూ. శుక్రవారం మెట్ల మీంచి పడిపోనాదని ఆల్లాయన సెప్తన్నాడు. ఇంకా తెలివి రాలేదు."

నానాజీ తాళం వైపోసారి, చేతిలోని నీళ్ల కవరు వైపోసారి చూశాడు.

"మరి ఆవిడ చేపల్ని ఎవరు చూస్తున్నారండి? ఆడచేపని పట్టుకెళ్దామని వచ్చేను. మగది చంపేసేలా ఉందన్నారు."

నూకరత్నం అతన్ని వింతగా చూసింది.

"సేపలేటి బాబూ? ఆ ఇంట్లో సేపలెప్పుడూ లేవు."