కూల్చే ముందు ఒక్కసారి

రాగి తీగ మళ్ళీ తక్కువైంది.

రసజ్ఞకు ఒళ్ళు మండింది. ఒక భవనం పుట్టిన దగ్గర్నుంచి నేలకూలేదాకా గాలికీ నీటికీ ఎంత చేటు చేస్తుందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. మాదాపూర్‌లో ఇరవై ఏళ్ళు కూడా నిండని ఈ ఆఫీసు భవనాన్ని కూల్చి, నలభై అంతస్తులు లేపబోతున్నారు. పాతదాంట్లోని ఇనుమూ రాగీ మళ్ళీ వాడకానికి వెళ్తేనే కొత్తదానికి గ్రీన్ సర్టిఫికెట్.

"ఎవరు పట్టుకుపోతున్నారు?" సూపర్‌వైజర్ కిరణ్ పాల్‌ను నిలదీసింది.

"ఇంకెవరండీ, ఆ ముసలావిడే. మన మనిషి కాదు. రోజూ మిషన్ స్టార్ట్ చేసే ముందు లోపల దూరి, అన్ని ఫ్లోర్లూ తిరిగొస్తుంది."

"ఇవాళ్టి నుంచి గేటు దాటనివ్వకండి."

అంటుండగానే ఆవిడ రానే వచ్చింది. దొంగ అని ముద్ర పడ్డాక నడిచినా దొంగే, నిలబడ్డా దొంగే.

"జర లోపలికి పోనియ్యు బిడ్డా. ఒక్కపారి చూసొస్త. తర్వాత మిషిని పెట్టుకోండ్రి."

"ఏం చూస్తావ్? తీగలా?" అంది రసజ్ఞ.

ముసలావిడ ఏదో చెప్పబోయి, కిరణ్ పాల్ మొహం చూసి మింగేసింది.

"నువ్వొక్కదానివి ఇటు రా బిడ్డా, చెప్త."

దొంగతనానికి బేరం కూడానా అనుకుంది రసజ్ఞ.

"బయటికి పంపండి."

వాచ్‌మన్ ఆవిడను రెక్క పట్టుకుని గేటు బయట వదిలాడు. మిషన్ మొదలైంది. ఆవిడ గేటు బాదుతూ అరుస్తూనే ఉంది. ఆ మోతలో ఒక్క ముక్కా వినిపించలేదు. రసజ్ఞ చెయ్యెత్తి ఆపమనలేదు.

రెండో అంతస్తు మూల కుప్పకూలింది.

దుమ్ములోంచి ఒక మనిషి పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆపుండ్రి! లోపల మా తమ్ముడున్నడు!"

మిషన్ ఆగింది.

"లోపల మీకేం పనిరా?" కిరణ్ పాల్ అరిచాడు.

"కోకాపేటల నైట్ డ్యూటీ సార్. తెల్లారకముందు వచ్చి ఈడ పంటం. మీకు తెలిస్తే తరిమేస్తరని చెప్పొద్దన్నం. మిషిని పెట్టేముందు లచ్చమ్మవ్వ వచ్చి లేపుతది. ఇయ్యాల రాలేదా?"

రసజ్ఞ గేటు దగ్గరికి పరుగెత్తింది.

లచ్చమ్మ మట్టిలో కూలబడి ఉంది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"నార్సింగిల బిల్డింగు కూలగొట్టిననాడు నా కొడుకును గూడ ఎవ్వరు లేపలే బిడ్డా," అంది.