రెండు తోకల పిల్లి

"కెమిస్ట్రీ చెప్పుకునేవారు కదా, మేధోసంపత్తి చట్టాల మీద పడ్డారేం?" అన్నారు ఇంటర్వ్యూ బోర్డు పెద్దాయన, ఆమె బయోడేటాలోంచి తలెత్తకుండానే.

కాంట్రాక్టు లెక్చరర్‌గానే ఆమెకు జుట్టు నెరిసింది. ఈ గది గుమ్మం తొక్కడం ఎన్నోసారో ఆమే మర్చిపోయింది. ఇప్పుడు కూడా ఉద్యోగం ఖాయం కాకపోతే వయసు దాటిపోతుంది. ఇక దాపరికం ఎందుకనుకుంది.

"పిల్లి వల్లనండి."

బోర్డులోని కుర్ర ప్రొఫెసర్ రాస్తున్న పెన్ను ఆపాడు.

ఒకటో తరగతిలో ఉండగా ఆమె కూతురు స్కూల్లో బొమ్మల పోటీకి పిల్లిని గీసింది. దానికి రెండు తోకలు. ఒకటి ఊపడానికట, రెండోది ఊరికేనట. బహుమతి రాలేదు. పోటీ పెట్టిన బ్యాగుల కంపెనీ మాత్రం మరుసటి ఏడాది ఆ పిల్లిని స్కూలు బ్యాగుల మీద అచ్చేసి ఊరంతా అమ్ముకుంది.

ఏ సందులోకి వెళ్లినా ఎవరో ఒక పిల్ల వీపు మీద అదే పిల్లి. పాల ప్యాకెట్ కోసమని బయల్దేరి, ఆ బ్యాగు వెనకే స్కూలు గేటు దాకా నడిచి, పాలు లేకుండా ఇంటికొచ్చేది ఆమె.

పిల్లల పిచ్చిగీతలకు హక్కులేమిటమ్మా అని లాయరు నవ్వాడు. కంపెనీవాళ్లు ఆ మాత్రం నవ్వు కూడా ఖర్చు పెట్టలేదు. భర్త ఒక్కడే బతిమాలాడు.

"ఇంకెన్నాళ్లే ఆ పిల్లిని పట్టుకుని వేలాడతావు? వదిలెయ్యవే."

ఆమె పిల్లిని వదల్లేదు, కెమిస్ట్రీని వదిలేసింది. తనని ఆంటీ అని పిలిచే పిల్లల పక్కన కూర్చుని లా చదివింది. ఆ చదువు పూర్తయ్యేసరికి దావా వేసే గడువు కాస్తా దాటిపోయింది. నేర్చుకున్న చట్టం మిగిలిపోయింది. పారెయ్యలేక పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. పిల్లల బొమ్మల మీద హక్కులెవరివన్న దాని మీదే పీహెచ్‌డీ చేసింది.

"అమ్మాయి ఇప్పుడు పెద్దదై ఉంటుందే. తనేమంటుంది ఇదంతా చూసి?" అన్నారు పెద్దాయన.

ఆమె ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఖాళీ అయ్యేదాకా తాగింది.

ఈలోగా కుర్ర ప్రొఫెసర్ అందుకున్నాడు. "మీ పిల్లి గురించే అడుగుతాను మేడమ్. దాని మీద కాపీరైటు ఇంకెన్నేళ్లుంటుంది?"

పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నారు. వచ్చినవాళ్లందరికీ ఇతను వేసే ఎరే ఇది. గీసిన మనిషి బతికున్నంత కాలం హక్కుంటుంది, పోయాక ఇంకో అరవై ఏళ్లు. మనిషి ఉండగా లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు. "చెప్పలేం" అన్నదే సరైన జవాబు. తొందరపడి అంకె చెప్పినవాళ్లు ఆ అంకె పట్టుకుని ఇంటికి వెళ్లిపోవడమే.

ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఏటా క్లాసులో అదే చెబుతుంది.

గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అరవైలో పంతొమ్మిదేళ్లు అయిపోయాయండి, ఇంకా నలభై ఒకటి ఉన్నాయి."