అందుకునేటోళ్లు

"ఇరవై కాలేజీలకు మెయిల్ పెట్టినవు. ఒక్కళ్లన్న జవాబియ్యలేదా?" కామారెడ్డిలో ఈవెంట్ల ఆఫీసు నడిపే జోయల్ అడిగాడు. "సాయంత్రం దాంక సూసి సాలవ్వ పేరు మన కళాకారుల లిస్టుల నుంచి తీసెయ్యి."

ఇంటర్న్ వందన తను రాసిన మెయిల్ మళ్లీ చదువుకుంది. 'నాగిరెడ్డిపేట నాట్ల పాటల కోకిల సాలవ్వ. ఒక్కరే గంటన్నర సేపు అలరిస్తారు.' బాగానే ఉంది. ఓ పాట ముక్క జోడిస్తే సరిపోతుందని సాలవ్వకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"అవ్వా, ఒక పాట పాడవా?"

సాలవ్వ ఒక్క వరుస పాడి ఆగిపోయింది.

"హలో! లైన్ కట్టయిందా అవ్వా?"

"కట్టుగాలే బిడ్డా. నువ్వు అందుకుంటవని సూస్తున్న."

"నేనా? పాడేది నువ్వు గదా!"

"ఒక్కదాన్నే పాడుడేంది? నాటేసేటప్పుడు నేను ఎత్తుత, అందరు అందుకుంటరు. అందుకునేటోళ్లు లేకుంటే నాకు రెండో ముక్క యాదికే రాదు."

ఆమె మళ్లీ ఎత్తింది. వందన సిగ్గుపడుతూనే అందుకుంది. మూడో వరుసకు జోయల్ కూడా టేబుల్ మీద దరువేస్తూ గొంతు కలిపాడు.

ఫోన్ పెట్టేశాక వందన 'ఒక్కరే అలరిస్తారు' కొట్టేసి, కొత్తగా రాసి కాలేజీలన్నిటికీ మళ్లీ పంపింది: 'సాలవ్వ పాట ఎత్తుతారు. అందుకోవడానికి రెండు వందల గొంతులు మీవే కావాలి.'

పది నిమిషాల్లో ఎల్లారెడ్డి నుంచి ఓ లెక్చరర్ ఫోన్ చేశాడు.

"మూడొందల మందున్నరు మేడం. క్లాసుల ఒక్కడు నోరు మూయడు. అవ్వ ఎప్పుడొస్తది?"