రాణి మాట్లాడని రోజులు

ఇంట్లో తెరలా వెలిగే గోడ కథ చెబితే తప్ప మా హిమజ ముద్ద మింగదు. ఆ కథలోని నాగలోకపు రాణి గొంతు మా కృష్ణానగర్ కౌముది గారిది. ఆమెను అడగకుండానే ఆ కథలు తీసే కంపెనీ ఆ గొంతును యంత్రంతో పలికిస్తోందని డబ్బింగ్ వాళ్లంతా సమ్మెకు దిగారు. వీధి స్తంభాలు కూడా మాటలు విని గొంతును పట్టి యంత్రానికి ఇచ్చేస్తాయి కాబట్టి సమ్మె శిబిరంలో ఎవరూ నోరు విప్పడం లేదు.

పిల్లకు నిన్ననే జ్వరం తగ్గింది. తినకపోతే మళ్లీ పడిపోతుందన్న భయంతో నేనే గోడ వెలిగించాను. యంత్రం అచ్చం రాణిలాగే పలికింది. హిమజ లేచి ఆర్పేసింది.

“రాణి మాట్లాడకపోతే నాగలోకంలో అందరూ దీపాలు ఆర్పేస్తారమ్మా. నీకు కథే తెలీదు!”

“నీ రాణి సంగతి తర్వాత. నోరు తెరువు తల్లీ.”

తెరవలేదు. నాకు ఏడుపొచ్చింది. పెరుగన్నం గిన్నెతో సహా పిల్లను శిబిరానికి ఎత్తుకెళ్లాను. దారిలో ఏ ఇంట్లోనూ గోడ వెలగడం లేదు.

“ఒక్క మాట చెప్పండక్కా, తింటుంది,” అని బతిమాలాను.

కౌముది గారు తల అడ్డంగా ఊపి, గిన్నె అందుకున్నారు. రాణిలా మెడ నిక్కించి, కళ్లు పెద్దవి చేసి, మాట్లాడకుండానే ముద్ద చూపించారు. హిమజ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయింది.

ఇంటికొస్తూ హిమజ నా చెవిలో అంది: “రేపు ఎక్కువ కలుపమ్మా. రాణి కూడా తినలేదు.”