రెండడుగులు వెనక్కి

హరీసా కారం డబ్బా బెల్‌గాసెమ్‌కి సరిగ్గా రెండడుగుల వెనక ఉంది. మరిచిపోయి ముందుకొచ్చేశాడు. ట్రాలీ వెనక్కి తిప్పబోయాడో లేదో, మణికట్టుకి కట్టిన యంత్రం గీపెట్టింది.

కొత్త పద్ధతిలో ప్రతి సందూ ఒకే వైపు నడుస్తుంది. వెనక్కి తిరగడానికి లేదు. ఆ డబ్బా కావాలంటే గోడౌన్ మొత్తం చుట్టి మళ్లీ అదే సందులోకి రావాలి. పదకొండు వందల నలభై అడుగులు. పక్క సందులో ఉన్న మున్‌జీ ఆ దూరాన్ని ఎప్పుడో లెక్కపెట్టి పెట్టుకున్నాడు.

"వెళ్లొస్తాన్రా," అన్నాడు బెల్‌గాసెమ్, కుంటుతూ. "ఈ నెల రోజులూ మక్కా వైపు నడిచుంటే ఈపాటికి లిబియా సరిహద్దు దాటేవాళ్లం. పుణ్యమైనా దక్కేది."

పనివాళ్లు నవ్వారు. మున్‌జీకి నవ్వు రాలేదు.

స్ఫాక్స్ ఊరి చివర ఆ కిరాణా గోడౌన్‌లో అతనిది పదకొండేళ్ల నౌకరీ. ఇదివరకు ఎక్కువగా పోయే సరుకు గుమ్మం దగ్గరే ఉండేది. ట్యూనా, హరీసా, మకరోనీ. ఇప్పుడు ఒక్కో సరుకునీ నాలుగు ముక్కలు చేసి నాలుగు మూలలకి తోశారు. టీ కాచుకునే చోటు, నమాజు చాప పరుచుకునే చోటు 'వృథా స్థలం' కింద పోయాయి. అక్కడిప్పుడు సబ్బు పెట్టెలున్నాయి. ఇదివరకు మనిషి రోజుకి తొమ్మిది కిలోమీటర్లు నడిచేవాడు. ఇప్పుడు ఇరవై రెండు. ఆ పెరిగిన పదమూడూ ఎవరి కాళ్లలోంచి వచ్చాయో ఏ కాగితం మీదా లేదు.

రాత్రికల్లా మున్‌జీ మోకాళ్లు వాచిపోయేవి. ఆలివ్ నూనె రాస్తూ భార్య దళెంద సణిగేది. "పగలు ఒక గోడౌన్, సాయంత్రం ఇంకో గోడౌన్! ఉన్నవి రెండు కాళ్లేగా నీకు?"

ముప్ఫై నాలుగేళ్లవాడి సంగతే అలా ఉంటే, బెల్‌గాసెమ్‌కి యాభై ఎనిమిది. మున్‌జీకి పెట్టె ఎత్తడం నేర్పింది ఆయనే. పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. పూటకి నూట అరవై ఆర్డర్లు కట్టాలి, వరసగా మూడు రోజులు తగ్గితే ఇంటికి పంపేస్తారు. ఆయనకి ఇవాళ మూడో రోజు.

నాలుగింటికి గంట కొట్టారు. బెల్‌గాసెమ్ లెక్క నూట యాభై తొమ్మిది దగ్గర ఆగింది. నూట అరవయ్యోది ఆ హరీసా ఆర్డరు. డబ్బా చేతిలో పట్టుకుని ఆయన ఇంకా సందు మలుపులోనే ఉన్నాడు.

మేనేజర్ నిజార్ అద్దాల గదిలోంచి బయటికి రాకుండానే ఆయన పేరు కొట్టేశాడు.

మున్‌జీ తలుపు తట్టలేదు. నెట్టుకుని లోపలికి వెళ్లాడు. పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే 'సీ' అన్న మర్యాద మాట మాత్రం అంత కోపంలోనూ వదల్లేదు.

"సీ నిజార్! ఈ పద్ధతి కనిపెట్టినవాడు జన్మలో ఒక్క పెట్టె మోశాడా?"

"అరవకు. కూర్చో."

"కూర్చునే చోటు మీరే కదా తీసేశారు! ఒక్క ఆర్డరు. ఒక్కటంటే ఒక్కటి. రెండడుగులు వెనక్కి వెయ్యనిస్తే ఆయన ఉద్యోగం ఉండేది."

"ఒకడికి రెండడుగులు వదిలితే రేపు అందరూ తిరుగుతారు. బండీ బండీ గుద్దుకుంటాయి." నిజార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "దీని వెనక ఎంత తెలివుందో నీకు తెలీదులే. ఇది ఆటలోంచి తెచ్చింది."

"ఏ ఆట?"

"ఫ్యాక్టరీలు కట్టే కంప్యూటర్ ఆట. మా బావమరిది చూపించాడు. ఈ పద్ధతి గీసినవాడున్నాడే, ఆ ఆటలో గోడౌన్ కట్టాలంటే వాడి తర్వాతేనట ఎవడైనా. వాడి బొమ్మని నలభై వేల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు. దారులన్నీ ఒకే వైపు, కాబట్టి ఎదురు రావడం ఉండదు. ఒకే సరుకు నాలుగు చోట్ల, కాబట్టి గుంపు కట్టడం ఉండదు. అరచేతి వెడల్పు ఖాళీ కూడా వదల్లేదు మహానుభావుడు. హెడ్డాఫీసువాళ్లు నాకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు."

"ఆ ఆటలో మోసేవాళ్లకి మోకాళ్లుంటాయా?"

"మనుషులు కాదయ్యా, యంత్రాలు మోస్తాయి."

"దాహం వేస్తుందా వాటికి? ఒంటికొస్తుందా? యాభై ఎనిమిదేళ్లొస్తాయా?"

"మీ మోకాళ్లకి నన్ను పూచీ ఉండమంటావా?"

మున్‌జీ రెండు చేతులూ బల్ల మీద మోపాడు. బల్ల మీది కప్పు ఎగిరిపడి కాఫీ కాగితాల మీద ఒలికింది.

"వాడెవడో చెప్పండి చాలు. ఎక్కడున్నా పట్టుకొస్తా. ఒక్క నెల, ఒక్కటంటే ఒక్క నెల ఈ సందుల్లో ట్రాలీ తోయిస్తా. అప్పుడు గీస్తాడేమో చూద్దాం ఇలాంటి బొమ్మలు!"

బయట బెల్‌గాసెమ్ కంపెనీ చొక్కా విప్పి మడత పెడుతున్నాడు. "వదిలెయ్యరా మున్‌జీ," అన్నాడు అద్దం అవతలి నుంచి. "నా కోసం నీ నౌకరీ పోగొట్టుకోకు."

"నువ్వుండు బాబాయ్! సీ నిజార్, ఆ బొమ్మ చూపించండి."

"చూసి ఏం చేస్తావ్? నీకు అర్థం కాదు."

"చూపించండి."

నిజార్ విసుగ్గా కంప్యూటర్ తెర అతని వైపు తిప్పాడు. గోడౌన్ మొత్తం, పైనుంచి చూసినట్టు. ఎర్ర గీతల్లో సందులు, నాలుగు మూలలా పసుపు గళ్లు. నెల రోజులుగా కాళ్లతో కొలుస్తున్న చోటుని మున్‌జీ ఇలా పైనుంచి చూడటం ఇదే మొదలు.

"పట్టుకొస్తానన్నావుగా, వెళ్లి పట్టుకురా," నిజార్ నవ్వాడు. "ఏ జపాన్‌లోనో, ఏ జర్మనీలోనో ఉంటాడు. అదిగో, కింద మూలన వాడి పేరు."

రెండేళ్లుగా రోజూ సాయంత్రం ఆటలోకి వెళ్లే ముందు మున్‌జీ తన వేళ్లతో కొట్టే పేరే అది.