మనిషి నొక్కాల్సిన మీట

ఎందరో కలిసి ఉచితంగా రాస్తున్న ఆపరేటింగ్ సిస్టంను ఔలు నగరంలోని ఒక నేలమాళిగలో నలభై కంప్యూటర్లు రాత్రంతా వాటంతటవే పరీక్షిస్తాయి. ఒక్క పరీక్షకు మాత్రం మనిషి వచ్చి మీట నొక్కాలి. ఆ పని చేసే రెయినో చనిపోయాక, రాత్రి పరీక్షలు చూసుకునే అతని భార్య సైమీకి దాన్ని దాటవేయడం అలవాటైంది.

ఈ రాత్రి అది పాసైనట్టు తెర మీద కనిపించింది.

"నిద్రమత్తులో నువ్వే నొక్కేసుంటావు తల్లీ! ఆ ఫలితం చెరిపేసి మళ్ళీ నడుపు, తెల్లారితే కొత్త వెర్షన్ విడుదల," అన్నాడు ఫోనులో ఆమె సహోద్యోగి యూహో.

"తలుపు దగ్గరే ఉన్నా. లోపలికే పోలేదు."

చెరపడానికి ఆమెకు మనసొప్పలేదు. అలాగే మళ్ళీ నడిపి, తలుపు దగ్గరే, మొదటి వరుస కంప్యూటర్లకు ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూడో వరుసలో మీట టక్కుమంది.

"రెయినో?" అంది మెల్లగా.

రెండో వరుసలో టక్కుమంది. తర్వాత మొదటి వరుసలో.

రెయినో ఎప్పుడూ ఒక్కసారే నొక్కేవాడు.