చెప్పిన కొలత

“ఇక నువ్వు రాయక్కర్లేదు,” అన్నాడు టైలరు మాస్టారు.

అంటూనే భార్య చేతిలోని కొలతల పుస్తకం తీసుకుని బల్ల సొరుగులో పెట్టేశాడు. ఆవిడ కొప్పులో దోపుకున్న పెన్ను జోలికి మాత్రం పోలేదు. ఎంత దయో!

కొత్తగా వచ్చింది ఒక సాఫ్ట్‌వేర్. మాస్టారు టేపు పట్టి కొలత పైకి చెబితే చాలు, ఫోను విని రాసుకుంటుంది. లోపలి గదిలో బట్ట కత్తిరించే పనివాడి ఫోనుకి పంపిస్తుంది. బట్టలు ఎప్పుడు సిద్ధమవుతాయో కస్టమరుకి తనే కబురు పెడుతుంది. వ్యాపారం చేసేవాళ్లంతా ఇప్పుడు ఇదే వాడుతున్నారట. ఇంకా పెన్నూ కాగితం పట్టుకుని కూర్చుంటే వెనకబడిపోతారట. ఈ ‘అట’లన్నీ ఆవిడ ఓపిగ్గానే విన్నది.

విని ఊరుకునే మనిషి కాదు. పెన్నుకి ఛార్జింగ్ అక్కర్లేదంది. పుస్తకం చేయి జారి పడినా పగలదంది. రోడ్డు మీద హారన్ మోగితే మీ ఫోను దాన్ని కూడా నడుం కొలత కింద రాసేసుకుంటుందంది. మాస్టారు నవ్వలేదు. ఇదివరకైతే నవ్వేవాడు.

“నేనేం తప్పు చేశానని నన్ను పక్కన పెట్టారు?” అని చివరికి అడిగేసింది.

“తప్పని ఎవరన్నారు?” అని ఆయన కస్టమరు వైపు తిరిగిపోయాడు.

దుకాణం తెరిచిన నాటి నుంచీ ఆయన పక్కన నిలబడి కొలతలు రాసింది ఆవిడే. మొదట్లో ఉన్నది ఒకటే కుర్చీ, అదీ కస్టమర్లకి. చంకన బిడ్డనెత్తుకుని రాసింది. జ్వరంతో రాసింది. ఇప్పుడు ఆవిడ చోటు గుమ్మం దగ్గరి కౌంటర్‌కి మారింది. వచ్చినవాళ్లని కూర్చోమనడం, కుట్టిన బట్టలు సంచిలో పెట్టి ఇవ్వడం, అంతే పని. అక్కడికి టేపు కనిపించదు. మాస్టారి గొంతు మాత్రం వినిపిస్తుంది. “ఛాతీ ముప్పై ఆరు,” అంటాడాయన. టింగ్‌మంటుంది ఫోను. ఆ టింగ్ చెవిన పడినప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

మండదూ మరి? ఇన్నాళ్లూ ఆయన పరువు ఎవరి చేతిలో ఉందో ఆవిడకి తెలుసు.

కొంతకాలంగా మాస్టారు టేపు మీద ఆరుని ఎనిమిదిగా, ఎనిమిదిని ఆరుగా చదువుతున్నాడు. మొదటిసారి ఆవిడ గమనించిన రోజు, ఆయన ముప్పై ఆరన్నాడు. వేలి కింద ముప్పై ఎనిమిదుంది. ఎదురుగా కస్టమరు నిలబడి ఉన్నాడు. కొలతంటే ఈయనదే అని నలుగురూ చెప్పుకునే మనిషిని, ఆ నలుగురి ముందే ఎలా సరిదిద్దుతుంది? కిక్కురుమనకుండా ముప్పై ఎనిమిదని రాసేసింది.

ఆ తర్వాత అదే అలవాటైపోయింది. ఆయన ఒకటి చెప్పడం, ఆవిడ టేపు వైపు ఓరగా చూసి ఇంకొకటి రాయడం. ఒక్క చొక్కా వెనక్కి రాలేదు. మా ఆయన చేతిలో తప్పనేది దొర్లదని చుట్టాల దగ్గర గొప్పలు చెప్పింది కూడా తనే. అసలు సంగతి ఆయనకి ఏనాడూ చెప్పలేదు. మనిషి కుంగిపోతాడని భయం. అంతలా కడుపులో పెట్టుకుని కాపాడుకొస్తే, చివరికి తన స్థానంలో ఒక ఫోనుని తెచ్చి కూర్చోబెట్టాడు. ఇంతకన్నా ద్రోహం ఉంటుందా అనిపించింది ఆవిడకి.

అనుకున్నంతా అయింది. లాయరు గారి కోటుకి గుండీ పట్టలేదు. బ్యాంకు మేనేజరు ప్యాంటు నడుం మీద నిలవలేదు. కుట్లు విప్పి మళ్లీ కుట్టాల్సిన బట్టలు గుట్టగా పేరుకున్నాయి. లాయరు గారైతే, “ఇది మీరే కుట్టారా మాస్టారూ?” అని అందరి ముందూ అడిగి మరీ వెళ్లారు. మాస్టారు తల దించుకుని, ఖర్చు తనదేనని, కొత్త కోటు కుట్టిస్తానని చెప్పాడు.

ఆవిడకి జాలేసింది. ఒక్క మాట చెబితే అయిపోయేది. కానీ అభిమానం అడ్డొచ్చింది. ఆయనంతట ఆయనే వచ్చి పుస్తకం చేతికిచ్చేదాకా పెదవి విప్పకూడదని పంతం పట్టింది.

ఒక మధ్యాహ్నం పనివాడు భోజనానికి వెళ్లాడు. దుకాణంలో ఇంకెవరూ లేరు. మాస్టారు సొరుగు లాగి, పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

దారికొచ్చాడనుకుంది ఆవిడ. అన్నాళ్ల బాధా ఒక్కసారిగా తగ్గినట్టయింది.

“ఒకటడుగుతాను, నిజం చెప్పు,” అన్నాడాయన. “ఇందులో నేను చెప్పిందే రాసేదానివా?”

ఈ ప్రశ్న కోసమే కదా ఆవిడ ఎదురుచూసింది.

“లేదండీ. టేపు మీద ఉన్నది రాసేదాన్ని. చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. ఇన్నాళ్లూ మీ మాట పోకుండా కాపాడింది నేను. ఆ ఫోను కాదు. ఇప్పటికైనా తెలిసిందా?”

తెలిసిందన్నట్టు మాస్టారు తలూపాడు. కోప్పడలేదు. మెచ్చుకోనూ లేదు. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

“కంటి వెనక పొర పాడవుతోంది, వెంటనే వైద్యం మొదలుపెడితేనే చూపు నిలుస్తుందని కళ్ల డాక్టరు రెండేళ్ల కిందటే చెప్పాడు,” అన్నాడు మెల్లగా, “నీ పుస్తకంలో నా కొలత ఒక్కటీ తప్పడం లేదు కదా, ఆయనకేం తెలుసులే అని నేనే వెళ్లడం మానేశాను.”